బంగారాన్ని అడగని రోజు

నెరీనా ఝెర్యాల్ బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. ఆమె దగ్గర వెల్లుల్లి వాసన వచ్చేది. నోట్లోంచి, చర్మంలోంచి, ఉతికిన బట్టల్లోంచి కూడా. వెల్లుల్లి ఆమె ఇంట్లో కూడా ఉండదు. అది టెల్యూరియం చేసే పని. వెండిలా మెరిసే దినుసు. దాని ధూళి రవ్వంత ఊపిరితో లోపలికి పోయినా నెలల తరబడి మనిషి ఆ వాసన వేస్తాడు. గదుల్లాంటి ఉక్కు పాత్రల లోపలి గోడల మీద పేరుకున్న పొరని చేతి తొడుగులతో, ముసుగుతో గీకినా సరే, కాస్తయినా లోపలికి పోకుండా ఉండదు. ఆమెకి ఏళ్ల తరబడి అదే పని.

నేను ఈ ఊరికి ఓడల కాగితాలు తర్జుమా చేసే పని మీద వచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయిన మనిషిని. ఇటలీలోని ట్రియెస్తే రేవు నుంచి కొండెక్కితే వచ్చే సున్నపురాతి మెట్ట మీద, జోర్కో అనే ద్రాక్ష రైతు ఇంట్లో పై గది నాది. నెరీనా జోర్కోకి మేనకోడలు. ఆమె తండ్రి రాతి గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడై పోయాడు. తల్లి ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. అందుకని అదే ఇంట్లో, కింది గదుల్లో పెరిగింది. పట్నంలో భౌతికశాస్త్రం చదివి, గ్రెనోబుల్లో కొన్నాళ్లు, పోజ్నాన్‌లో కొన్నాళ్లు ఏడాది ఏడాది ఒప్పందాల మీద పనిచేసి, అలాంటి ఏడాది ఒప్పందం మీదే ఇంటికి తిరిగొచ్చింది. ప్రతి డిసెంబరులోనూ ఆమెకి ఉద్యోగం పోయేది. జనవరిలోనో మార్చిలోనో మళ్లీ వచ్చేది. ఆ మధ్య నెలల్లో జీతం లేకుండానే పనికి వెళ్లేది. ఒకాయన కొన్నాళ్లు కలిసి ఉన్నాడు, ఫెరారాలో స్థిరమైన ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. వాసన భరించలేక పోయాడని జోర్కో అంటాడు. డిసెంబర్లు భరించలేక పోయాడని నా అనుమానం.

ఆమె పనేమిటో నాకు చెప్పడానికి ఆమె చాలా సాయంత్రాలు ఖర్చుపెట్టింది. నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మన ఫోన్లలో, కంప్యూటర్లలో జరిగేదంతా ఎలక్ట్రాన్లని అటూ ఇటూ తోలడమే. తోలితే వేడి పుడుతుంది. ఆ వేడిని చల్లార్చడానికే బోలెడు కరెంటు తగలడుతోంది. కానీ ప్రతి ఎలక్ట్రానుకీ విద్యుత్తుతో పాటు ఇంకో గుణం ఉంది. స్పిన్ అంటారు. నేను బొంగరం అన్నప్పుడల్లా ఆమె కోప్పడేది, అక్కడ ఏదీ తిరగదనేది. "చిన్న దిక్సూచి ముల్లు అనుకోండి పెద్దాయనా, అంతకన్నా మీకొద్దు" అనేది. ఆ ముల్లుని తిప్పాలంటే మామూలుగా అయస్కాంతం కావాలి. అయస్కాంతం అక్కర్లేకుండా, వోల్టేజి కాస్త తాకించి తిప్పగలిగితే? ఆమె బతుకంతా ఈ ఒక్క ప్రశ్నలో పడింది.

జెర్మేనియం, టెల్యూరియం కలిసిన స్ఫటికంలో ఒక విచిత్రం ఉంది. అందులో పరమాణువుల వరుసలు సరిగ్గా నడిమధ్యలో కూర్చోవు. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే పక్కకి కొంచెం జరిగి ఉంటాయి. వోల్టేజి పెడితే అన్నీ రెండో పక్కకి జరుగుతాయి. వోల్టేజి తీసేశాక కూడా అక్కడే ఉండిపోతాయి. అవి అలా జరిగినప్పుడు లోపల పరుగెత్తే ఎలక్ట్రాన్ల ముళ్లన్నీ ఎదురుదిక్కుకి తిరగాలి. లెక్క అలా చెబుతుంది. లెక్క చెప్పినదాన్ని కళ్లారా చూడాలన్నదే నెరీనా పట్టుదల. అయితే ఆ పదార్థానికి ఒక జబ్బు ఉంది. అది కారుతుంది. వోల్టేజిని నిలబెట్టాల్సిన చోట జల్లెడలా కరెంటుని వదిలేస్తుంది. పరమాణువులకి పోటు తగిలేలోగానే అంతా జారిపోతుంది. అందుకే చాలామంది దాన్ని వదిలేసి సులువైన పదార్థాల వైపు వెళ్లారు. ఈమె వెళ్లలేదు.

ముల్లు ఎటుందో చూడాలంటే ప్రత్యేకమైన వెలుగు కావాలి. అది మా మెట్ట మీదే పుడుతుంది. పొలాల మధ్య గుండ్రటి పెద్ద భవనంలో ఎలక్ట్రాన్లు వలయంగా పరుగెడుతూ ఆ వెలుగుని చిమ్ముతాయి. ఆ వెలుగు కోసం ఎక్కడెక్కడి దేశాల వాళ్లో అర్జీ పెట్టుకుంటారు. ఎవరికి ఏ వారమో ముందే పంచేస్తారు. పొలానికి నీటి వంతు ఎలాగో ఇది అలాగే. వంతు దాటితే కాలవ పక్కవాడిది.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. బంగారపు పలక పైపొరలో ఎలక్ట్రాన్ల ముళ్లు ఎటు ఉంటాయో లోకంలో ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు. అందుకని కొత్తగా ఏదైనా కొలిచే ముందు, పరికరం విప్పి బిగించిన ప్రతిసారీ, ముందు బంగారాన్ని కొలుస్తారు. తెలిసిన జవాబే వస్తే పరికరం సరిగ్గా ఉన్నట్టు. "బంగారాన్ని అడిగావా?" అన్నది ఆ హాల్లో పలకరింపు లాంటిది. కాఫీ యంత్రం పాచినీళ్లు పోసినా అదే మాట, ఎవరైనా పెళ్లి చేసుకుంటామన్నా అదే మాట. మా ఇంట్లో జోర్కో కూడా పట్టుకున్నాడు. వాన వస్తుందేమో అని నేనంటే, "బంగారాన్ని అడిగారా?" అనేవాడు.

ఇక ఆ మార్చి వారం. నాలుగు విషయాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

మొదటిది, వలయాన్ని విప్పి కొత్తది కట్టబోతున్నారు. గురువారం సాయంత్రం వెలుగు ఆరిపోతే మళ్లీ ఎన్నేళ్లకో. రెండోది, ఆమె పైఅధికారి ప్రొఫెసర్ బ్రెస్సాన్ ఆ వేసవిలో రిటైరవుతున్నాడు. పోయేముందు పోట్లాడి ఒక స్థిరమైన ఉద్యోగం మంజూరు చేయించాడు. శుక్రవారం ఉదయం ఎంపిక కమిటీ కూర్చుంటుంది. చేతిలో ఆ ఫలితం ఉంటే ఉద్యోగం నెరీనాది. లేకపోతే, అయస్కాంతాల మీద కుప్పతెప్పలుగా వ్యాసాలు రాసిన ఒక కుర్రాడిది. మూడోది, ఆమెకి నలభై అయిదు నిండాయి. ఆ వయసులో ఏడాది ఒప్పందం ఎవరూ ఇవ్వరు. నాలుగోది గాలి.

మా గాలిని బోరా అంటారు. ఈశాన్యం నుంచి మెట్ట మీదుగా సముద్రంలోకి దూకుతుంది. నేను చాలా రేవుల్లో చాలా గాలులు చూశాను. కొన్ని ఏడుస్తాయి, కొన్ని ఈలలేస్తాయి. ఇది తంతుంది. ముసలివాళ్లు పట్టుకుని నడవడానికి వీధుల్లో తాళ్లు కట్టిన రోజులున్నాయి. ఆ సోమవారం అది తీగలు తెంచి కరెంటు పీకేసింది. వెలుగు ఆగింది. ఉక్కు పాత్రలోంచి గాలిని తోడే పంపులూ ఆగాయి. లోపలి శూన్యం చెడింది. ఆ స్ఫటికాన్ని పల్చటి పొరగా పోసిన పలక వేరే చిన్న అరలో తలుపు మూసి ఉండబట్టి బతికింది.

అప్పటికి సగం పని అయింది. వోల్టేజి తాకని పలకని కొలిచారు. ముళ్లు ఎటున్నాయో తెలిసింది. బంగారాన్ని అడిగే కొలిచారు. ఇక వోల్టేజి తాకించి మళ్లీ కొలవాలి. రాత్రికి కరెంటు వచ్చింది, కానీ శూన్యం చెడితే పాత్రని మళ్లీ ఉడకబెట్టాలి. వాళ్లు ఆ మాటే అంటారు. తీగలన్నీ ఊడదీసి, వేడిపట్టీలు చుట్టి, మీద వంటింటి అల్యూమినియం రేకు పొరలు పొరలుగా కప్పి, రెండు రోజులు కాగనిస్తే లోపల అంటుకున్న తేమ వదులుతుంది.

మంగళవారం మధ్యాహ్నం నేను గాలికి ఎదురీదుకుంటూ గిన్నెలో చిక్కుడుగింజల పులుసు పట్టుకెళ్లాను. కాపలావాడు నన్ను ఎరుగును. ఎరగనివాళ్లని కూడా ఆ వారం ఎవరూ ఆపడంలేదు, సగం భవనం అప్పటికే పెట్టెల్లో సర్దేశారు. నెరీనా ఒక పీట మీద నిలబడి రేకు చుడుతోంది. పక్కన రీకో ఉన్నాడు. వలయంలోంచి వెలుగుని తెచ్చే గొట్టాన్ని చూసుకునే ఉద్యోగి, ఆమె చిన్నప్పటి బళ్లో స్నేహితుడు, పొడుగ్గా తాటిచెట్టులా ఉంటాడు.

"పెద్దాయనా, పులుసు తేకపోతే నెరీనానే తినేవాడిని. వెల్లుల్లి ముందే దట్టించి ఉంది కదా" అన్నాడు రీకో.

"తినరా, తిని చావు. టెల్యూరియం నీకూ పట్టుకుంటుంది. మీ ఆవిడ సోఫాలో పడుకోమంటుంది" అంది నెరీనా దిగకుండానే.

"ఇప్పుడు మాత్రం ఎక్కడ పడుకుంటున్నాననుకున్నావ్?"

ఆమె నవ్వింది. కళ్లకింద నల్లగా ఉంది. ముల్లు దిక్కు చూసే పెట్టె నుంచి రెండు నల్ల తీగల్ని ఊడదీసింది. ఆ తీగలు కవలలు, అవి దూరే రంధ్రాలూ కవలలే. ఒకదాని చోట ఇంకోటి పెట్టినా పెట్టె పనిచేస్తుంది. జవాబు మాత్రం తలకిందులుగా చెబుతుంది. అందుకని ఒక తీగకీ, అది దూరాల్సిన రంధ్రం పక్కనా గుర్తుగా నీలం టేపు ముక్కలు అంటించింది. వేడికి ఓర్చే టేపు అయిపోయింది. గోడలకి రంగులేసేవాళ్లు వాడే టేపు దొరికితే అదే అంటించింది. నేను చూశాను. చూసి, పులుసు చల్లారుతోందని మాత్రం అన్నాను.

గురువారం తెల్లవారాక పాత్ర చల్లబడింది. రేకు పీకి కుప్పగా పడేశారు. తీగలు బిగించారు. మామూలుగా అయితే అప్పుడు బంగారం. కానీ బంగారపు పలకని శుభ్రం చేసి, కాల్చి, సరిగ్గా నిలబెట్టి కొలవడానికి ఉదయమంతా పడుతుంది. వెలుగు ఉన్నదే సాయంత్రం దాకా. తీగలు తీసిందీ ఆమే, పెట్టిందీ ఆమే. "నేరుగా పలకే" అంది. రీకో భుజాలెగరేశాడు. చిన్న లోహపు మొనతో పలకకి వోల్టేజి తాకించి, వెలుగు కింద పెట్టారు.

ముళ్లు తిరిగాయి.

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ జోర్కో ఇంటికి పరుగెత్తుకొచ్చారు. ఆ వారం మా ఇల్లు తెరిచి ఉంది. ఇక్కడ ద్రాక్షరైతులు ఏడాదిలో కొన్నాళ్లు సొంత ద్రాక్షసారా, సొంత పందుల మాంసం ఇంట్లోనే బల్లలు వేసి అమ్ముకోవచ్చు. ఒకప్పటి చక్రవర్తి ఎనిమిది రోజులకి ఇచ్చిన అనుమతి అది, చక్రవర్తులు పోయినా అనుమతి పోలేదు. తెరిచినట్టు గుర్తుగా నాలుగు దార్ల దగ్గర ఐవీ అనే పాకే తీగ ఆకుల కొమ్మ వేలాడదీసి, కింద ఇంటి దారి చూపిస్తూ ఎర్ర చెక్క బాణం కొడతారు. చట్టాలు చేసినవాళ్ల పేర్లు గుర్తుండవు, ఆకుల కొమ్మ గుర్తుంటుంది. సరే, అది పక్కన పెడతాను.

జోర్కో ఉడికించిన గుడ్లూ, ఉప్పులో ఎండిన తొడ మాంసం పల్చటి ముక్కలూ, ఎర్ర సారా కూజా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నెరీనా అప్పటికే ప్రొఫెసర్ బ్రెస్సాన్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆయన కమిటీ పెద్దకి చెప్పేశాడు. ఫోన్లో ఆయన ఏడ్చాడట.

"ఏమే, ఇన్నేళ్లూ కనపడని బొంగరం వెంట తిరిగావు, చివరికి తిరిగిందా?" అన్నాడు జోర్కో.

"బొంగరం కాదు మావయ్యా."

"ఏదో ఒకటి. జీతం వస్తుందా, రాదా? డిసెంబర్లో కూడా వస్తుందా?"

"డిసెంబర్లో కూడా."

ఆ మాట అంటున్నప్పటి ఆమె ముఖాన్ని నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. డిసెంబర్లో కూడా. నలభై అయిదేళ్ల మనిషి ఆ రెండు మాటల్ని నోట్లో పెట్టుకుని చప్పరించింది.

జోర్కో గ్లాసెత్తాడు. "మరి బంగారాన్ని అడిగావా?" అన్నాడు. అతనికి అది వేళాకోళం, అంతే. వానకీ అదే, పందులకీ అదే.

రీకో పడీపడీ నవ్వాడు. నెరీనా నవ్వలేదు. ఆమె రీకో కాలి వైపు చూస్తోంది. అతను కాలు మీద కాలు వేసుకున్నాడు. బూటు అడుగున ఏదో అంటుకుని ఉంది.

"అదేంట్రా?"

"ఏది? ఓ, టేపు ముక్క. పొద్దున్నించీ బంక బంకగా అనిపిస్తోంది." పీకి కూజాకి అంటించబోయాడు. "ఇదిగో మావయ్యా, నీ సారాకి పతకం."

ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుంది. నీలం టేపు. ఒక వైపు గోధుమరంగుకి తిరిగి, అంచులు ముడుచుకుపోయి ఉంది.

"ఇది కాలింది" అంది.

"కాలదా మరి? రెండ్రోజులు ఉడికింది."

"ఉడికేటప్పుడే ఊడిపడింది, రీకో. రేకులో పడింది. అంటే ఇవాళ పొద్దున నేను తీగలు బిగించేటప్పుడు రంధ్రం దగ్గర టేపు లేదు."

"చూసే బిగించావుగా?"

"చూశాననే అనుకున్నాను." గొంతు చాలా మామూలుగా ఉంది. "తీగకి టేపు ఉంది. అది ఎక్కడ దూరాలో చెప్పే టేపు నీ బూటు కింద ఉంది."

రీకో గ్లాసు కింద పెట్టాడు. "పై రంధ్రమే అయ్యుంటుందే. ఎప్పుడూ పైదే కదా?"

"ఎప్పుడూ పైదే అయితే టేపెందుకు అంటించాను?"

పక్క బల్ల దగ్గర పేకాడేవాళ్లు ఎవరో గట్టిగా అరిచారు. జోర్కో నన్ను చూశాడు, నేను కిటికీ చూశాను. నాకు గుర్తుందా అని ఆమె అడిగింది. టేపు అంటించిందని గుర్తుంది, పైనో కిందో గుర్తులేదన్నాను. అది అబద్ధం కాదు. అయినా ఆ రోజు పులుసు గిన్నె మీద పెట్టిన కళ్లు కాస్త పక్కన పెట్టి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె అక్కడే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. బల్ల పక్కనే కాబట్టి ఆయన గొంతు కూడా మాకు వినపడింది.

"ప్రొఫెసర్ గారూ, బంగారాన్ని అడగలేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఎందుకడగలేదు?"

"టైం లేక. తీగలు మారి ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. సగానికి సగం."

"నెరీనా, ఇలా చూడు. రేపు కమిటీ. నువ్వు చూసింది నువ్వు చూశావు. నీ లెక్కకి సరిపోయింది. అన్నేళ్లుగా ఏది రావాలనుకున్నామో అదే వచ్చింది. తప్పని తెలిసి చెబితే అబద్ధం. తెలియనిది అబద్ధం ఎలా అవుతుంది?"

"తెలుసుకోవచ్చు సార్. సాయంత్రం దాకా వెలుగుంది."

"ఎల్లుండి తెలుసుకో."

"ఎల్లుండి వెలుగుండదు."

"అదే నేను చెబుతున్నది, అమ్మాయ్." ఆయన చెడ్డవాడు కాడు. ఇరవై ఏళ్లు ఆమె డిసెంబర్లని తన డిసెంబర్లుగా మోశాడు. "నేను వేసవిలో వెళ్లిపోతాను. నా తర్వాత నీకు తలుపు తీసేవాడు లేడు. బతిమాలుతున్నాను. ఇవాళ ఇంట్లో కూర్చుని భోజనం చెయ్యి."

ఆమె ఫోన్ పెట్టేసింది. గుడ్డు పెంకు తీసింది, తినకుండా పళ్లెంలో పెట్టింది. జోర్కో ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మీ ప్రొఫెసర్ చెప్పింది నాకు బాగానే ఉంది పిల్లా" అన్నాడు. అతనికి ఇంతకన్నా ఎక్కువ ప్రేమ చూపించడం రాదు.

ఆమె ఏ క్షణంలో నిర్ణయించుకుందో నాకు తెలియదు. నిర్ణయించుకున్నట్టు కూడా కనపడలేదు. కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "ఎవరు తాగలేదు?" అని అడిగింది.

డాక్టరు వద్దన్నాడు కాబట్టి తాగనివాణ్ణి నేనొక్కణ్ణే. జోర్కో వ్యాను తీశాను. గాలికి అది దారి మొత్తం పక్కకి జారుతూ ఉంది. రీకో వెనక సీట్లో కూర్చుని, "సగానికి సగం, సగానికి సగం" అని జపం చేశాడు. వ్యానంతా వెల్లుల్లి వాసన. కిటికీ దించడానికి నాకు మనసొప్పలేదు.

హాల్లో పంపుల హోరు తప్ప మనుషుల చప్పుడు లేదు. బంగారపు పలక చేతి గోరంత ఉంటుంది. దాన్ని శుభ్రం చేశారు, కాల్చారు, చల్లార్చారు. మధ్యాహ్నం చాలాభాగం దానికే పోయింది. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. లోకంలో మనుషులు బంగారం కోసం చేసిన పనుల గురించి ఏమేమో గుర్తొచ్చాయి. సముద్రాలు దాటారు, కొండలు తొలిచారు, ఊళ్లు తగలబెట్టారు. దాన్ని ఒక మాట అడగడానికి ఇలా కాచుకుని నిలబడ్డవాళ్లని మాత్రం నేను ఇదే చూడటం.

తెర మీద రెండు గీతలు పుట్టసాగాయి, ముల్లు ఒక దిక్కున్న ఎలక్ట్రాన్లకి ఎర్రది, ఎదురుదిక్కున్నవాటికి నీలం. చుక్క చుక్కగా.

"ఎర్రది ఎడమ పక్కన లేవాలి" అన్నాడు రీకో నాతో, మెల్లగా.

మొదట రెండూ కలిసే ఉన్నాయి. తర్వాత నీలం గీత ఎడమ పక్కన కాస్త ఉబ్బింది. రీకో, "ఇంకా రణగొణే, చుక్కలు నిలకడగా లేవు, ఆగు" అన్నాడు. ఆగాం. ఉబ్బు గుట్టయింది. ఎర్రది కుడి పక్కన లేచింది. ఇక ఎంతసేపు ఆగినా అదే.

నెరీనా తెరని చూస్తూ, "తిరగలేదు" అంది. ముళ్లు తిరగలేదు. తీగలు తిరిగాయి. వోల్టేజి తాకినా పలక ముందు ఎలా ఉందో అలాగే ఉంది. పొద్దున ఆమె చూసింది తన చెయ్యి చేసిన పొరపాటునే.

రీకో ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. "ఎవరికీ తెలీదు" అన్నాడు. "ముగ్గురం. నేను చెప్పను. పెద్దాయన మాటలు ఎవరు నమ్ముతారు?"

"పలక ఎక్కించు" అంది.

"ఏం?"

"పలక ఎక్కించరా. ఇంకా వెలుగుంది."

తీగలు సరిచేసింది. పలకని మళ్లీ మొన కిందికి తెచ్చింది. ఈసారి వోల్టేజి పెంచింది. కరెంటు జారిపోయింది. ఇంకా పెంచింది. "కారుతోంది నెరీనా, ఆపు" అన్నాడు రీకో. ఆమె వినలేదు. ఇన్నేళ్లుగా తనని వదలని జబ్బుతో ఒక్క సాయంత్రంలో తేల్చుకోవాలనుకున్నట్టుంది. ఇంకా పెంచింది. చిన్న గాజు కిటికీలోంచి నేనూ చూశాను. అద్దంలా మెరిసే పొర మీద, మొన కింద, ఒక నల్లచుక్క పుట్టింది. దాని చుట్టూ పొర పొక్కులా లేచింది.

"పోయింది" అన్నాడు రీకో.

"పక్కన పెట్టు. పక్కన ఇంకా మంచి చోటుంది."

పక్కన పెట్టింది. అక్కడా నల్లచుక్క. ఇంకో చోట. నేను ఎన్ని చుక్కలో లెక్కపెట్టలేదు. చివరికి ఆ గోరంత పలక మశూచి ముఖంలా తయారైంది. ఆమె చేతులు మాత్రం ఎక్కడా తొణకలేదు. అది చూడటమే నాకు కష్టమైంది. ఏడ్చినా, విసిరికొట్టినా బాగుండేది.

అప్పుడు పైన మైకులో ఎవరో, ఆ భవనంలో ఎవరు మిగిలి ఉంటే వాళ్లకి కృతజ్ఞతలు చెబుతూ, వెలుగు ఆపుతున్నామన్నారు. గోడ మీద వలయంలో ఎంత వెలుగుందో చూపించే అంకె ఉంటుంది. అది దిగుతూ దిగుతూ సున్నా అయింది. హాలు అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక్కరే. కొట్టి, తోడు ఎవరూ లేక ఆపేశారు.

ఆమె పలకని బయటికి తీయించుకుని, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకుని, కోటు జేబులో వేసుకుంది. తిరుగుదారిలో ఒకసారే మాట్లాడింది.

"లెక్క తప్పు కాదు పెద్దాయనా. అది తిరుగుతుంది. నాకు తెలుసు."

"తెలుసా?" అన్నాను.

"తెలియదు" అంది. "అదే చెబుతున్నాను, నాకు ఇప్పుడు ఏమీ తెలియదు." తల కిటికీ అద్దానికి ఆనించుకుంది. వ్యాను ఊగినప్పుడల్లా అద్దానికి కొట్టుకుంటున్నా తీయలేదు.

శుక్రవారం ఉదయం ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని కమిటీ ముందుకి వెళ్లింది. ముళ్లు తిరగలేదని, నిన్న ఫోన్లో చెప్పింది తప్పని, తప్పు తనదేనని చెప్పిందట. ఒకాయన నీళ్లు తెప్పించాడట. ప్రొఫెసర్ బ్రెస్సాన్ తల ఎత్తలేదు. ఉద్యోగం అయస్కాంతాల కుర్రాడికి వెళ్లింది. మంచి కుర్రాడేనంటారు. రీకో కొత్త వలయం కట్టేవాళ్లతో ఉండిపోయాడు. ఆదివారాలు భోజనానికి వచ్చే ప్రొఫెసర్ మళ్లీ ఈ కొండ ఎక్కలేదు. ఆయన వస్తాడేమోనని ఆ ఏడాదంతా ఆదివారాలు ఆమె మెరుగైన గ్లాసు ఒకటి విడిగా పెట్టడం నేను చూశాను.

తర్వాత ఎక్కడో, ఎవరో, కారకుండా పొర పోసే ఉపాయం కనిపెట్టారని, అందులో ముళ్లు వోల్టేజికి తిరిగాయని రీకో ఒక రోజు వచ్చి చెప్పాడు. చెప్పాలో వద్దో తెలియక బల్ల అంచు గీకుతూ చెప్పాడు. ఆమె గ్లాసులు కడుగుతోంది.

"ఎటు నుంచి ఎటు?" అంది.

"నువ్వన్నట్టే. నీ లెక్కలో ఎలా ఉందో అలాగే."

"బంగారాన్ని అడిగారా?"

"అడిగారట."

ఆమె తలూపింది. చేతిలో గ్లాసు తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఎక్కడో మరక కనపడ్డట్టు మళ్లీ తుడిచింది. చాలాసేపు ఆ ఒక్క గ్లాసే తుడిచింది. జోర్కో లోపల్నుంచి, "అరిగిపోతుందే అది" అన్నాడు.

వాసన పోవడానికి ఏడాది పైన పట్టింది. పోయాక బస్సులో ఆమె పక్కన మనుషులు కూర్చోసాగారు. ఇప్పుడు ఆమెకి అదే అలవాటు కావడం లేదు, సీట్లో ముడుచుకుని కూర్చుంటుంది. ఇల్లు మూసి ఉండే నెలల్లో పట్నంలో బడిపిల్లలకి లెక్కలు చెబుతుంది. ఇల్లు తెరిచే రోజుల్లో జోర్కోకి మోకాళ్లు సహకరించవు కాబట్టి కొమ్మా బాణం కట్టే పని ఆమెది. నాలుగు దార్ల దగ్గర నిచ్చెన వేసి, ఐవీ కొమ్మ కట్టి, కింద ఎర్ర బాణానికి మేకు కొడుతుంది. కొట్టాక నిచ్చెన అక్కడే వదిలేసి, కొండ దిగి బస్టాపు దాకా వెళుతుంది. అక్కణ్ణించి ఈ దారి ఎప్పుడూ ఎరగని మనిషిలా, బాణం ఎటు చూపిస్తే అటే, మెల్లగా నడుచుకుంటూ ఇంటికి వస్తుంది.

"పెరిగిన ఇల్లే కదే, దారి తెలీదా?" అని జోర్కో ప్రతిసారీ గుమ్మంలోంచి కేకేస్తాడు. ఆమె లోపలికి వచ్చి బల్లలు తుడుస్తుంది. అప్పుడుగానీ మేము కూజాలు బయట పెట్టం.